చలికాలంలో కోడిపిల్లల యిల్లు



సందెవేళ తల్లికోడి పిల్లల్ని రెక్కల క్రిందికి పిలుచుకొని కూర్చునే తీరు మీలో చూడనివారుండరు. కూర్చునేముందు అది కాళ్ళతో నేలను గీరి, కాస్త పొడిగా వున్న చోటు చూచుకుంటుంది. ఈకలు ఉబ్బించి, రెక్కలు విప్పి నేలకు ఆనిస్తుంది. పిల్లలకు పైనుంచి తల్లి కడుపు వేడి తగులుతుంది. ప్రక్కలనుంచి గాలి రాకుండా రెక్కలు అడ్డం. క్రింద పొడినేల. ఇంతకంటె మంచి ఏర్పాటు ఏ ఇంజనీరూ చేయలేడు.

మనమేం చేస్తున్నాము? మూడొందలు, ఐదొందలు పిల్లల్ని ఒకేసారి పెంచుతున్నాము గనుక తల్లిని తీసివేసి, ఆ స్థానంలో బల్బు వ్రేలాడదీస్తున్నాము. బల్బు కడుపు వేడి యిస్తుంది, నిజమే. కాని బల్బుకు రెక్కలు లేవు గదా! ఆ రెక్కలు మనమే కట్టిపెట్టాలి. నేలకు, ప్రక్కలకు, పైకప్పుకు ఏవిధంగా కట్టాలో నేడు చెప్పదలచాను.

ఆదిలాబాదు వైపు ఒక గ్రామంలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. అక్కడ ఒక అమ్మ పెరటికోళ్ళ నర్సరీ పెట్టింది. నర్సరీ అంటే, ఒకరోజు పిల్లల్ని తెచ్చి, ఆరువారాలపాటు పెంచి, టీకాలు వేయించి, కాస్త ముదిరిన తరువాత చుట్టుప్రక్కల ఊళ్ళవారికి అమ్మడమన్నమాట. హైదరాబాదు రాజేంద్రనగరంలో 1988లో నెలకొల్పిన కోళ్ళ పరిశోధన సంస్థవారు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలకు పల్లెల్లో గిరాకీ వుంది గనుక, ఇది మంచి ఆదాయమే. ఆమె డిసెంబరు నెలలో 300 పిల్లల్ని దించింది. మూడోనాడు తెల్లవారేసరికి డెబ్బయిదాకా చచ్చిపడివున్నాయి. అప్పుచేసి తెచ్చిన పిల్లలు. కబురందుకొని నేను వెళ్ళేసరికి ఆమె గడపలో కూర్చుని వుంది.

"సారూ, బుగ్గలు రాత్రంత వెలిగినయి. నేను రెండుసార్లు లేచి సూసిన. థర్మామీటరు గూడ తొంబైయైదు సూపించింది. మరి పిల్లలెందుకు సచ్చినయి?" అన్నది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాట్లు సరిగానే వున్నాయి. చలికాలంలో పిల్లకు రెండేసి వాట్ల చొప్పున 300 పిల్లలకు 600 వాట్లు కావాలి. ఆమె అంతకంటె ఒక బల్బు ఎక్కువే పెట్టింది. తరువాత మోకాళ్ళమీద కూర్చుని నేలమీద చెయ్యి పెట్టి చూశాను. ఊక పలచగా, అంగుళం మందం కూడా లేదు. దాని క్రింద సిమెంటు గచ్చు నూతినీళ్ళవలె చల్లగా వుంది. తలుపు క్రింది సందులోనుంచి గాలి నా చీలమండలకు తగులుతోంది. పైన యినుపరేకులనుంచి మంచునీరు బొట్లుబొట్లుగా ఊకమీద పడి, అక్కడక్కడ ముద్ద కట్టింది. థర్మామీటరేమో బల్బు తీగకే, బల్బుకు జానెడు దిగువన కట్టివుంది! అది తొంబైయైదు చూపక ఏమి చూపుతుంది? దాన్ని తెచ్చి, పిల్ల వీపు ఎత్తున, ఊకకు రెండంగుళాలపైన, బల్బు వెలుగు నేరుగా పడనిచోట పెట్టించాను. కాసేపటికి 74కు దిగి నిలిచింది.

పిల్లలు వేడిలేక చావలేదు. వేడి నిలవక చచ్చాయి.

దీన్ని కొంచెం విప్పి చెప్పాలి. వేడి ఒకచోటినుంచి మరొకచోటికి మూడు దారుల్లో పోతుంది. తాకుడువల్ల పోయేది ఒకటి. అట్లకాడ ఒక కొన పొయ్యిలో వుంటే రెండో కొన చేతికి కాలడం లాంటిది. గాలి కదలికతో పోయేది రెండోది. మూడోది కిరణాలుగా పోయేది. చలికాలం ఉదయాన గోడవారన నీరెండలో నిలుచుంటే ఒళ్ళు వెచ్చబడుతుంది. చుట్టూ గాలి చల్లగానే వుంటుంది. ఎండ గాలిని దాటివచ్చి సరాసరి మీ ఒంటికి వేడినిస్తుందన్నమాట. కోళ్ళగదిలో వాడే ఎర్రబల్బు, అంటే ఇన్‌ఫ్రారెడ్ బల్బు చేసే పని ఇదే. అది గాలిని అంతగా కాచదు. తన క్రింద ఏది వుంటే దాన్ని, అంటే పిల్ల వీపును, ఊకను, నేలను కాస్తుంది.

ఇందులో ఒక మేలు, ఒక కీడు వున్నాయి. గదినంతా కాచనక్కరలేకుండా పిల్లలున్న చోటనే వేడి పెట్టవచ్చు, అది మేలు. కీడేమంటే, వీపుకు వేడి తగులుతూనే కాళ్ళక్రింది గచ్చు, ప్రక్కనుంచి వచ్చే గాలి ఆ వేడిని పీల్చివేస్తూ వుంటాయి. నీరెండలో నిలుచున్నవాడు తడిబట్ట కట్టుకొని, కాళ్ళు కాలవలో పెట్టుకుంటే వాడికి వెచ్చదనం ఎక్కడిది?

ఒకరోజు పిల్ల తూకం సుమారు 40 గ్రాములు. ఒంటిమీద నూగు తప్ప ఈకలుండవు. మొదటి పది పదిహేను రోజులు తన ఒంటివేడిని తాను నిలుపుకొనే శక్తి దానికి పూర్తిగా రాదు. కడుపులో మిగిలివున్న పచ్చసొన రెండు మూడురోజులకు ఆహారం. చలి తగిలిన పిల్లలో ఆ సొన సరిగా అరగదు. పిల్ల మేత తినదు, నీళ్ళు త్రాగదు, రెట్ట మలద్వారానికి అంటుకుపోతుంది. ప్రక్కపిల్ల వెచ్చదనంకోసం దానిమీద ఎక్కుతుంది. దానిమీద మరొకటి. తెల్లవారేసరికి అడుగువి ఊపిరాడక చస్తాయి. ఆ అమ్మ యింట్లో చచ్చినవన్నీ తలుపుకు ఎదుటిమూల గుట్టగా పడివుండటానికి కారణమిదే. బ్రతికినవాటిలోనూ చలిదెబ్బ తిన్నవి ఆరువారాలకు ఎదగవలసినంత ఎదగవు.

ఇక రెక్కలు కట్టే పని చూద్దాము. ముందు నేల. చాలామంది పైకప్పును గురించే ఆలోచిస్తారు గాని, పిల్ల ఇరవైనాలుగు గంటలూ ఆనుకొని వుండేది నేలనే. పొడి వరిఊక గాని, వేరుశనగ పొట్టు గాని చలికాలంలో మూడు నాలుగంగుళాల మందాన పరచండి. ఊకలో వేడిని ఆపేది ఊక గింజ కాదు. గింజకూ గింజకూ మధ్య చిక్కుకొని కదలకుండా వున్న గాలి. కదలని గాలికి వేడిని దాటనివ్వని గుణం వుంది. ఊక తడిసిందా, ఆ గాలి వుండే చోట నీరు చేరుతుంది. నీరు గాలికంటె ఇరవై రెట్లకుమించి వేడిని దాటనిస్తుంది. కాబట్టి తడిసిన నాలుగంగుళాల ఊక కంటె పొడిగా వున్న రెండంగుళాల ఊక మేలు. పైగా తడి ఊకలో రక్తపారుడు రోగం కలిగించే సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజుపట్టిన ఊక, బూజు వాసన వేసే గడ్డి అసలు గదిలోకి రానీయకండి. బూజు పిల్లల ఊపిరితిత్తులలో చేరి, ఆయాసంతో నోరు తెరిచి చస్తాయి. ఆ రోగానికి మందు లేదు.

ఊక పరచి బల్బులు వెలిగించి, ఆ సాయంత్రమే పిల్లల్ని దింపడం మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. గచ్చు ఒక పూటలో వేడెక్కదు. పిల్లలు రావడానికి 24 గంటల ముందే బల్బులు వెలిగించి వుంచాలి. పిల్లల్ని దింపిన తరువాత ఒక పరీక్ష చెయ్యండి. ఒక పిల్లను మెల్లగా పట్టుకొని, దాని కాళ్ళు మీ చెంపకు ఆనించి చూడండి. కాళ్ళు చల్లగా తగిలితే నేల చల్లగా వున్నదన్నమాటే, థర్మామీటరు ఏమి చెప్పినా సరే. మరునాడు, అంటే దింపిన 24 గంటలకు, కొన్ని పిల్లల మేతసంచి తడిమి చూడండి. నూటికి తొంబైయైదింటికి మెత్తగా, నిండుగా వుండాలి. చల్లబడిన పిల్ల సంచి ఖాళీగా వుంటుంది.

నేల వేడి సంగతి వచ్చింది గనుక చిన్న ముచ్చట చెబుతాను. కొరియా దేశంలో చలి తీవ్రం. అక్కడ పూర్వంనుంచి వంటపొయ్యి పొగను ఇంటి నేలక్రింది కాలవలగుండా పోనిచ్చి, పైన పరచిన బండలను వేడెక్కించేవారు. ఒండోల్ అంటారు దాన్ని. బండలపైన మట్టి మెత్తి, నూనె పట్టించిన దళసరి కాగితం అంటించి, మనుషులు ఆ నేలమీదనే కూర్చుని, పడుకొనేవారు. ఇప్పటి కొరియా ఇళ్ళలో నేలక్రింద వేడినీళ్ళ గొట్టాలు వుంటున్నాయి. ఆ గొట్టాల అడుగున వేడి భూమిలోకి పోకుండా ఒక పొర తప్పక వేస్తారు. వేడి ఏవైపునుంచి వచ్చినా సరే, అది ఎటు జారిపోతుందో ఆ వైపు కట్టడి చేయాలని వారికి తెలుసు. మన కోళ్ళగదిలో వేడి పైనుంచి వస్తుంది, క్రిందికి జారుతుంది. అందుకని మన పొర ఊక.

తరువాత ప్రక్కలు. బల్బు చుట్టూ అడుగున్నర ఎత్తు గుండ్రని అడ్డం, చిక్ గార్డు, వుండాలి. వేసవిలో వల అయినా ఫరవాలేదు గాని చలికాలంలో దళసరి అట్ట గాని, రేకు గాని, వెదురు తడికకు గోనె కుట్టింది గాని కావాలి. గుండ్రంగానే ఎందుకంటే, మూలలుంటే పిల్లలు మూలలోకి చేరి గుట్ట కడతాయి. బల్బు గొడుగు అంచునుంచి రెండు మూడడుగుల దూరంలో గార్డు పెట్టండి. చలి వేస్తే లోపలికి, వేడెక్కితే బయటికి జరగడానికి పిల్లలకు చోటుండాలి. మూడొందల పిల్లలుంటే ఒకే వలయం వద్దు, రెండు చెయ్యండి.

గది పెద్దదైతే మొత్తం కాపాడనక్కరలేదు. మూడోవంతు చోటుకు గోనెపట్టాలు కుట్టి తెరగా దించండి. కిటికీ వలలకు కూడా గోనెపట్టాలే కట్టండి. ఇక్కడ ఒక సంగతి. ఈమధ్య అందరూ పలుచని పాలిథిన్ కాగితం కడుతున్నారు. అది గాలిని బాగా ఆపుతుంది, ఒప్పుకుంటాను. కాని కిరణాలుగా పోయే వేడిని చాలావరకు ఆపదు, వెలుతురువలె దాటనిస్తుంది. గోనె ఆపుతుంది. కాబట్టి లోపల గోనె, బయట వానా మంచూ తగలకుండా పాలిథిన్, రెంటి మధ్య నాలుగువ్రేళ్ళ సందు వుంటే ఉత్తమం. ఆ సందులోని కదలని గాలి మూడో తెరవలె పనిచేస్తుంది, దానికి ఖర్చు కూడా లేదు! తలుపు క్రింది సందుకు ఇసుక నింపిన గోనెసంచి అడ్డం పెట్టండి.

పైకప్పు. మబ్బు పట్టిన రాత్రి చలి తక్కువగానూ, ఆకాశం నిర్మలంగా వున్న రాత్రి ఎక్కువగానూ వుంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. నిర్మలమైన రాత్రి యినుపరేకు తన వేడిని కిరణాలుగా ఆకాశానికి వదిలి, బయటి గాలికంటె కూడా చల్లబడుతుంది. గదిలోని ఆవిరి పోయి ఆ చల్లటి రేకు అడుగున పట్టి, నీరై కారుతుంది. పిల్లలు తినే మేత తూకానికి సుమారు రెండింతలు నీళ్ళు త్రాగుతాయి. అందులో చాలాభాగం ఊపిరిద్వారా, రెట్టద్వారా గదిలోకే వస్తుంది. అదే పైకి పోయి, తిరిగి ఊకమీద పడుతుంది. సిమెంటు రేకైనా కొంత తేడాతో ఇదే కథ.

దీనికి రెండు ఉపాయాలు. రేకులపైన తాటాకు గాని, వరిగడ్డి గాని జానెడు మందాన కప్పి, గాలికి లేవకుండా వెదురుబద్దలతో బిగించడం ఒకటి. ఇది వేసవి ఎండకు కూడా ఉపకరిస్తుంది. రెండోది, బల్బులున్న భాగానికి మాత్రమే మనిషి ఎత్తుకు పైన వాసాలకు వెదురు తడికలు, గోనెపట్టాలు కట్టి లోకప్పు వెయ్యడం. ఎత్తు తగ్గితే కాపాడవలసిన చోటూ తగ్గుతుంది. లోకప్పు మీద గడ్డి పరవమని కొందరు చెబుతారు. నేను చెప్పను. ఎలుకలు చేరుతాయి, వాటివెంట పాములు వస్తాయి, నిప్పురవ్వ పడితే అంతా పోతుంది. థర్మోకోల్ పలకలు వేడిని ఆపడంలో మంచివే గాని అందేచోట పెడితే కోళ్ళు పొడిచి తింటాయి. ఊకలో వుండే నల్లపురుగులు వాటిని తొలిచి గూళ్ళు చేస్తాయి. నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది.

బల్బు పైన గొడుగు మాటకూడా చెప్పాలి. లోపలివైపు తళతళలాడే అల్యూమినియం రేకు వుంటే, పైకి పోయే కిరణాలను అద్దంవలె క్రిందికి మళ్ళిస్తుంది. కాని దుమ్ము పట్టిన అద్దంలో ముఖం కనబడుతుందా? కోళ్ళగది దుమ్ము పట్టి వారం తిరిగేసరికి గొడుగు పనికిరాకుండా పోతుంది. బల్బు ఆర్పి, చల్లారిన తరువాత పొడిగుడ్డతో తుడవండి. మెరిసే రేకును గోడకు గాని నేలకు గాని ఆనించి వేస్తే లాభం లేదు. తాకుడువల్ల వేడి దాటిపోతుంది. దానికీ వేడికీ మధ్య గాలిసందు వుండాలి.

బల్బును ఊకకు 18 అంగుళాల ఎత్తున గొలుసుతో వ్రేలాడదీయండి. కరెంటు తీగతోనే వ్రేలాడదీసి, తీగ తెగి, బల్బు ఊకలో పడి గదులు తగలబడిన సందర్భాలున్నాయి. మొదటివారం పిల్లల ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీటు, అంటే 35 డిగ్రీల సెంటీగ్రేడు వుండాలి. తరువాత వారానికి 5 డిగ్రీల ఫారన్‌హీటు చొప్పున తగ్గించుకుంటూ, బల్బును రెండు మూడంగుళాలు పైకి లాగుతూ రండి.

ఇంతవరకు మూయమనే చెప్పాను. ఇప్పుడు తెరవమని చెప్పబోతున్నాను, దయచేసి దీన్ని జాగ్రత్తగా చదవండి. చలికి భయపడి గదిని డబ్బావలె బిగించేవారు చలికి వదిలేసినవారికంటె ఎక్కువ నష్టపోతారు. రెట్టనుంచి అమ్మోనియా పుడుతుంది. గదిలోకి వెళ్ళగానే మీ కళ్ళు మండితే అది హద్దు దాటినట్టే. ఒక అడుగు ఎత్తున ఎప్పుడూ వుండే పిల్లల సంగతి ఊహించుకోండి. కాబట్టి తెరలను క్రిందినుంచి గట్టిగా బిగించి, పైన జానెడు సందు రాత్రింబగళ్ళు వదలండి. చల్లగాలి పిల్లల ఒంటికి తగలకుండా పైనుంచి పైననే ఆవిరి, వాసన పోతాయి. పగలు ఎండ వచ్చిన తరువాత తెరను పైనుంచి క్రిందికి దించాలి గాని, క్రిందినుంచి పైకి ఎత్తరాదు.

బొగ్గుల కుంపటి పెట్టేవారికి ఇంకొక మాట. కాలే బొగ్గునుంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ బయటికి పోయే గొట్టంలేని కుంపటిని మూసిన గదిలో పెట్టకండి. కోళ్ళకు కాపలా అని కుంపటి ప్రక్కనే తలుపు వేసుకొని పడుకోకండి. పిల్లలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. కాపలాకు పడుకున్న కొడుకును ఎక్కడినుంచి తెస్తారు?

రాత్రి పదింటికి, మళ్ళీ తెల్లవారుజామున మూడు నాలుగింటికి గదిలోకి పోయి, అలికిడి చేయకుండా నిలబడి పిల్లల్ని చూడండి. బల్బు క్రింద ముద్దగా చేరి కీచుకీచుమని అరుస్తుంటే చలి. గార్డు వారకు పోయి, రెక్కలు జారవేసి, నోళ్ళు తెరిచివుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకేవైపు చేరితే రెండోవైపునుంచి గాలి కొడుతోంది. ఆ సందు ఎక్కడుందో అగరువత్తి వెలిగించి పొగ పోకనుబట్టి వెతకండి. వలయమంతటా పరచుకొని, కొన్ని తింటూ, కొన్ని పడుకొని, సన్నగా కిచకిచలాడుతుంటే అంతా సరిగా వున్నట్టు.

కరెంటు పోతే? అప్పుడే ఈ రెక్కల విలువ తెలుస్తుంది. ఇథియోపియాలో గడ్డిపెట్టె అనే సాధనాన్ని ప్రచారంలోకి తెచ్చారు. పెట్టె నిండా ఎండుగడ్డి కుక్కి, మధ్యలో పిల్లలు పట్టేంత గూడు వదులుతారు. దీపం లేదు, బొగ్గు లేదు. పిల్లల ఒంటివేడే గడ్డిలో నిలిచి వాటిని కాపాడుతుంది. మన గది అంత పొదుపుగా వుండదనుకోండి. అయినా నేల వెచ్చబడి, ప్రక్కలు, పైన కట్టుదిట్టంగా వున్న గదిలో కరెంటు పోయిన కొంతసేపటిదాకా పిల్లలు తట్టుకుంటాయి. ఆలోగా గొట్టపుకుంపటి అంటించుకోవచ్చు. రేకుల క్రింద వట్టిగచ్చు గదిలో ఆ వ్యవధి దొరకదు.

ఖర్చు లెక్క కూడా వేసుకోండి. 600 వాట్ల బల్బులు రాత్రింబగళ్ళు వెలిగితే రోజుకు 14.4 యూనిట్లు, మూడువారాలకు 300 యూనిట్లకు పైమాట. గది వేడిని నిలిపితే, పగటిపూట పన్నెండు గంటలు ఒక 250 వాట్ల బల్బు ఆర్పివుంచినా రోజుకు మూడు యూనిట్లు మిగులుతాయి. గోనెసంచులు ఒకసారి కొంటే రెండు మూడు చలికాలాలకు వస్తాయి.

ఆ అమ్మ మిగిలిన పిల్లలకు ఆ సాయంత్రమే మరో ఆరు సంచుల పొడిఊక పోయించి, తలుపు సందు మూయించి, పైన గోనె లోకప్పు కట్టించింది. ఎక్కువగా పెట్టిన బల్బును నేనే తీయించాను. ఆమెకు నమ్మకం కలగలేదు. "బుగ్గ తీస్తె ఇంకిన్ని సస్తయి గద సారూ" అంటూ, ఆ రాత్రి తన దుప్పటి కూడా తెరకు కట్టిందట. మరునాటి ఉదయం పిల్ల ఎత్తున థర్మామీటరు 93 చూపింది. చలిదెబ్బ తగిలినవి మరో ఎనిమిది పిల్లలు ఆ వారంలో పోయాయి. మిగిలినవి ఆరువారాలకు అమ్మకానికి వచ్చాయి. అప్పు తీరలేదు గాని, సంక్రాంతి తరువాత మళ్ళీ పిల్లల్ని దించింది. ఈసారి దించేముందు రోజే బల్బులు వెలిగించి నాకు కబురు పంపింది.

నాలుగోవారానికి ఒంటిమీద చాలావరకు ఈకలు వస్తాయి. అప్పటినుంచి పగలు తెరలు పూర్తిగా దించండి. రాత్రిచలినిబట్టి మాత్రమే కట్టండి. ఆదిలాబాదు ప్రాంతంలోనూ, చింతపల్లి మన్యంలోనూ రాత్రి 10 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువకు పోయే రోజుల్లో ఇంకొక వారం ఆగడం మంచిది. పిల్లల్ని అమ్మిన తరువాత గోనెపట్టాలను దులిపి, సున్నపునీటిలో ముంచి, నాలుగురోజులు ఎండబెట్టి, ఎలుకలు కొరకకుండా దండెంమీద వేసి దాచుకోండి.